పండితుని పాట, పామరుని పాట

నూజివీడు అనగానే మనకు మామిడిపండు జ్ఞాపకమునకు వచ్చును. చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి - వీని రుచి ఎరుగని తెలుగువారు అరుదు. అయితే ఈ ఊరికి మరియొక ప్రసిద్ధి కూడ ఉన్నది. బొబ్బిలివలెనే ఇదియు వీణలు చేయు ఊరు. పనస మానును తొలిచి, కుండను, దండిని తీర్చి, కొనకు యాళి ముఖమును చెక్కి, బొగ్గుపొడి కలిపిన మైనముపై ఇరువదినాలుగు మెట్లను నిలుపుదురు. ఆ మెట్లను నిలుపుటకే మేళము కట్టుట అని పేరు. చెవి కుదిరినవాడు తప్ప ఆ పని చేయలేడు. మెట్టు వెంట్రుకవాసి జరిగినను స్వరము చెడును.

కొంతకాలము క్రిందట ఒక పనివాని చెంత కూర్చుండి నేను ఆ మేళము కట్టుట చూచుచున్నాను. ఆయన ప్రక్కనే చిన్న ఫోను ఉన్నది. అందులో పాత సినిమా పాట ఒకటి వినవచ్చుచున్నది. ఆయన తీగ మీటును, మెట్టు జరుపును, మరల మీటును, నడుమ నడుమ ఆ పాటతో గొంతు కలుపును. నేను ఉండబట్టలేక, "ఆ పాట వింటూ మేళం కడితే శ్రుతి తప్పదా?" అని అడిగినాను. ఆయన తల యెత్తకుండగనే, "శ్రుతి తప్పిన పాటయితే తప్పుతుందండీ. ఇది తప్పని పాట గదా!" అన్నాడు.

ఆ మాట నన్ను చాలదినములు వెన్నాడినది. ఆయన చేతిలో ఉన్నది శాస్త్రీయ సంగీతమునకు సాధనము. ఆయన గొంతులో ఉన్నది సినిమా పాట. రెంటి నడుమ ఆయనకు గోడ కనిపించలేదు. గోడ ఉన్నది నా ప్రశ్నలోనే.

విద్యాలయములలో ఉన్న మనకు ఈ గోడ బాగుగా అలవాటైనది. పెద్దలలో పలువురు శాస్త్రీయ సంగీతము ఉత్తమమనియు, సినిమా పాట దానిని చెరచినదనియు అందురు. విద్యార్థులలో పలువురు శాస్త్రీయ సంగీతము తమకు సంబంధించినది కాదనియు, అది ముసలివారి కాలక్షేపమనియు అందురు. ఇరువురును విరోధులవలె కనిపింతురు గాని, ఒక్క విషయమున ఇరువురును ఏకాభిప్రాయులే. ఆ గోడ అనాదిగా ఉన్నదని ఇరువురి నమ్మకము. అది నిజమా అని విచారింపవలసియున్నది.

నూజివీడు 2022లో ఏలూరు జిల్లాలో చేరినది గాని, అంతకుముందు కృష్ణాజిల్లాలోనిదే. ఆ కృష్ణాజిల్లాలోని మొవ్వ గ్రామము క్షేత్రయ్య పదములకు పుట్టినిల్లు. ఆ ప్రక్కనే కూచిపూడి. 17వ శతాబ్దికి చెందిన క్షేత్రయ్య పదములను నేడు సంగీత సభలలో గంభీరముగా కూర్చుండి వినుచున్నాము. కాని వానిని శతాబ్దముల తరబడి బ్రదికించినది నర్తకీమణుల గజ్జెలు, మేళముల ఆటలు. కూచిపూడివారు ఊరూర తిరిగి వీధిలో భాగవతమాడినప్పుడు, చూచుటకు వచ్చినవారిలో వేదము చదివినవాడును ఉన్నాడు, ఎడ్లను కట్టివేసి వచ్చినవాడును ఉన్నాడు.

అంతకు పూర్వము తాళ్లపాక అన్నమాచార్యుడు (1408-1503) జోల, ఉయ్యాల, సువ్వి వంటి ఇంటి పాటల ఫణుతులనే స్వామికి నివేదించినాడు. తిరుమలలో దొరకిన రాగిరేకులపై రాగముల పేర్లున్నవి గాని స్వరములు లేవు. అందుచేత నేడు మనము పరమ ప్రాచీనములను భావముతో వినుచున్న అన్నమయ్య వరుసలలో మిక్కిలిభాగము 20వ శతాబ్దిలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ మొదలగువారు కట్టినవే. పాట పాతది, వరుస క్రొత్తది. దీనిని ఏ గోడకు ఏ ప్రక్కన ఉంచవలెను?

త్యాగరాజు (1767-1847) ఘనరాగ పంచరత్నములను రచించిన మహావిద్వాంసుడు. ఆయనయే దివ్యనామ కీర్తనలను, ఉత్సవ సంప్రదాయ కీర్తనలను నలుగురు కూడి భజనలో పాడుకొనుటకు వీలుగా తేలిక వరుసలలో కట్టినాడు. ఆయన సమకాలికుడైన ముత్తుస్వామి దీక్షితులు ఆంగ్లేయుల బ్యాండు మేళములో విన్న వరుసలకు సంస్కృత సాహిత్యము కూర్చినాడు. వానినే నోట్టుస్వర సాహిత్యములందురు. నేడు ఒక సినిమా సంగీత దర్శకుడు పాశ్చాత్యుల వరుస తెచ్చి తెలుగు మాటలు పొదిగినచో మనము ముఖము చిట్లింతుము. దీక్షితులవారు చేసినదానిని మాత్రము పిల్లలకు మొదటి పాఠములుగా నేర్పుచున్నాము.

రాగముల సంగతియు ఇట్టిదే. ఆనందభైరవి, పున్నాగవరాళి, నాదనామక్రియ, నవరోజు వంటి రాగములు జానపదుల గొంతులనుండియే శాస్త్రములోనికి వచ్చినవని సంగీత శాస్త్రజ్ఞులు చెప్పుదురు. యదుకుల కాంభోజికి ఎరుకల కాంభోజి అని మరియొక పేరున్నది. శాస్త్రము కొండపైనుండి ప్రజలకొరకు దిగివచ్చిన నది కాదు. పల్లపు ఊటలన్నియు చేరి నిండిన చెరువు అనుట సత్యమునకు దగ్గర.

అయితే పండితుడును పామరుడును ఒక్కటే సంగీతము వినుచుండిరని నేను చెప్పుట లేదు. భేదము ఆనాడును ఉన్నది. కాని ఆ భేదమునకు నడుమ కొన్ని కళలు నిలిచియుండెను. హరికథ, వీధిభాగవతము, భజన, పౌరాణిక పద్యనాటకము - ఇవి నడిమి కళలు. హరిదాసు కథ చెప్పుచు చెప్పుచు కల్యాణి ఆలపించును. శ్రోత రాగము పేరు ఎరుగడు. కాని పది కథలు విన్న పిమ్మట, ఆ రాగము మరల వచ్చినప్పుడు ఆతని చెవి దానిని గుర్తించును. పద్యనాటకములో తిరుపతి వేంకటకవుల శ్రీకృష్ణ రాయబారము ఆడినప్పుడు, బలిజేపల్లి లక్ష్మీకాంతముగారి హరిశ్చంద్ర ఆడినప్పుడు, ఆ నాటకములోనే కాటిసీనులో జాషువ పద్యములు పాడినప్పుడు, పొలము పనులు చేసికొనువారు తెల్లవార్లు మేలుకొని వినెడివారు. నచ్చిన పద్యమునకు "వన్స్‌మోర్" అని కేక వేసెడివారు. ఆ కేక వెనుక ఒక రసజ్ఞత ఉన్నది. ఈ నటుడు నిన్నటి నటునికంటె రాగమును ఎక్కువ సాగదీసినాడా, తక్కువ సాగదీసినాడా అని తూచగల చెవి ఉన్నది.

మన సంగీత కళాశాలల చరిత్రయే ఇందుకు సాక్ష్యము. విజయనగరములో 1919లో సంగీత కళాశాల వెలసినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడైనది హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. కాలికి గజ్జెకట్టి జనము నడుమ నిలిచి కథ చెప్పినవాడే శాస్త్ర విద్యాలయమునకు పెద్దయైనాడు. ఆయన తరువాత ఆ పదవిని వాయులీన విద్వాంసుడు ద్వారం వేంకటస్వామినాయుడు అలంకరించినాడు. ఇందులో ఎవరికిని వింత తోచలేదు.

తరువాత వచ్చిన మార్పునకు ఒక సంవత్సరమును గుర్తుగా చెప్పవలెనన్నచో నేను 1948 అని చెప్పుదును. ఆ యేట మదరాసు రాష్ట్రములో ఎస్టేట్ల రద్దు చట్టము వచ్చినది. విజయనగరము, బొబ్బిలి, పిఠాపురము, నూజివీడు వంటి సంస్థానముల ప్రాభవమునకు ఆ చట్టముతో కాలము తీరినది. ఆస్థాన విద్వాంసుడను మాట చరిత్రలోనికి పోయినది. ఆ సంవత్సరమే డిసెంబరు 1వ తేదీన విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమైనది. విద్వాంసుని పోషించు చేయి మారినది. జమీందారుని స్థానమున ప్రభుత్వము, సభ స్థానమున రేడియోపెట్టె వచ్చినవి.

క్రొత్త పోషకునికి తన నియమములు ఉండెను. నాటకమునకు, భజనకు ప్రాణమైన హార్మోనియము గమకములను పలికింపలేదను కారణముచేత 1940 నుండి 1971 వరకు ఆకాశవాణిలో బహిష్కృతమైనది. 1952లో బి.వి.కేస్కర్ కేంద్ర సమాచార ప్రసార మంత్రియైన పిమ్మట సినిమా పాటకును ఆకాశవాణి తలుపులు మూసినది. శ్రోతలు ఊరకుండలేదు, రేడియో సిలోను వైపు మరలినారు. చివరకు 1957 అక్టోబరు 3న వివిధభారతిని ప్రారంభింపక తప్పలేదు. నడిమి కళలకు చోటు తగ్గి, ఒక ప్రక్క శాస్త్రీయము, మరియొక ప్రక్క సినిమా అని పాటకు రెండు పేటలు ఏర్పడినది ఈ కాలముననే. మనము అనాదియని భావించు గోడలో చాలభాగము ఈ కాలపు కట్టడమే.

గోడ కట్టుచున్న చోటనే దానిని దాటినవారును ఉన్నారు. విజయవాడ రేడియోలో బాలాంత్రపు రజనీకాంతరావు లలిత సంగీతమునకు ఒక గౌరవము కల్పించినారు. 1958లో వెలువడిన ఆయన గ్రంథము 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' పండితుల గ్రంథాలయములలో ఉన్నది. ఆయన పాటలు గృహిణుల నోట నిలిచినవి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930-2016), పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యుడు, త్యాగరాజ పరంపరలో అయిదవ తరమువాడు. ఆయన విజయవాడ రేడియోలో భక్తిరంజని పాడి ఇంటింటి ప్రాతఃకాలమును పావనము చేసినాడు. విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడైనాడు. 1967లో 'భక్త ప్రహ్లాద' చిత్రమున నారద పాత్ర ధరించి పాడినాడు. ఆ కళాశాలకు నేడున్న పేరేమి? ఘంటసాల వేంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల. ఘంటసాల (1922-1974) గుడివాడ దాపునగల చౌటపల్లిలో పుట్టి, విజయనగరము వెళ్ళి పట్రాయని సీతారామశాస్త్రిగారివద్ద సంగీతమభ్యసించి, సినిమా గాయకుడైనాడు. శాస్త్రము బోధించు విద్యాలయమునకు సినిమా గాయకుని పేరు పెట్టిన జాతి మనది. ఇది పొరపాటున జరిగినది కాదని నా నమ్మకము.

రెండు చలనచిత్రములను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో ఈ మార్పు మరింత తెలియును. 1959లో 'జయభేరి' వచ్చినది. అందు కాశీనాథుడను శాస్త్రీయ సంగీత విద్వాంసుడు భాగోతుల బృందములోని నర్తకిని పెండ్లాడి వెలికి గురియగును. అందు పెండ్యాల నాగేశ్వరరావు శాస్త్రమునకు, వీధిపాటకు సమానమైన పీట వేసినారు. ఆ కథలో పండితుడు వీధిలోనికి దిగివచ్చినాడు. ఇరువదియొక్క సంవత్సరముల తరువాత, 1980లో, కె.విశ్వనాథ్ 'శంకరాభరణము' వచ్చినది. ఈ కథలో శాస్త్రమే అనాథయై ఉన్నది. వినువారు లేక, శిష్యులు లేక వృద్ధుడైన విద్వాంసుని చెంతకు జనమే రావలసివచ్చినది. జనము వచ్చినది కూడ. ఆ చిత్రమున శంకరశాస్త్రికి గొంతునిచ్చిన ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యము శాస్త్రీయ సంగీతమును గురుముఖమున క్రమముగా అభ్యసించినవాడు కాడు. శాస్త్రీయ సంగీతమును గూర్చిన ఆ చిత్రమునకు వచ్చిన జాతీయ బహుమానము జనరంజక చిత్రములకు ఇచ్చునట్టిది. 1996 నుండి ఆయనయే దూరదర్శినిపై 'పాడుతా తీయగా' నడిపి, సినిమా పాట పాడిన పిల్లలకు ఆ పాటలోని రాగమును, గమకమును, ఉచ్చారణను గూర్చి చెప్పినాడు. అది ఒకవిధమైన పాఠశాల. హరిదాసు వదలిన పీటపై సినిమా గాయకుడు కూర్చుండి, ఆ పనియే చేసినాడు.

ఇంతవరకు చదివినవారు, మరి నష్టమేమున్నది, ఒక వంతెన పోయి మరియొకటి వచ్చినది గదా అని అడుగవచ్చును. నష్టమున్నది. అది పాటలో లేదు, పాడుటలో ఉన్నది. హరికథ విన్నవాడు మరునాడు పొలములో ఆ పాట పాడుకొనెడివాడు. ఆతడు పాడినప్పుడు అది కొంత మారెడిది. నాటక పద్యమును పది ఊళ్ళలో పదిమంది పది విధములుగా సాగదీసెడివారు. శాస్త్రీయ సంగీతములో మనోధర్మమని మనము గొప్పగా చెప్పుకొనునది ఇదియే. ఒకే కీర్తనను ఒకే విద్వాంసుడు రెండు దినములు ఒకే విధముగా పాడడు. ఆ గుణము పల్లెలోని పద్యమునకును ఉండెను. కావున పండితునికిని పామరునికిని ఉన్న నిజమైన చుట్టరికము రాగముకంటె కూడ ఈ స్వేచ్ఛలో ఉన్నది.

ధ్వనిముద్రణ దీనిని మార్చినది. పాట ఒకసారి ముద్రితమైన పిమ్మట అదియే ప్రమాణము. దానివలె పాడినవాడు బాగుగా పాడినట్లు, దానికి భిన్నముగా పాడినవాడు తప్పు పాడినట్లు. నేటి పాట మరింత బిగుసుకొనినది. యంత్రము స్వరమును సవరించును, ఫోనులో అది అరనిముషపు తునకగా వచ్చును. ఆ తునకకు పెదవులు కదల్చుట మాత్రమే మన పిల్లల వంతు. న్యాయము చెప్పవలెనన్నచో, ఆ ఫోనులోనే ద్వారమువారి వాయులీనమును, బాలమురళి కచేరీని మారుమూల పల్లెలోని పిల్లవాడు ఉచితముగా వినగలడు. మా చిన్నతనమున అది కలలోని మాట. వినుటకు ఇంతటి సౌకర్యము ఏ తరమునకును లేదు. పాడుటకు ఇంతటి బిడియమును ఏ తరమునకును లేదు.

ఆ బిడియములో నా పాలును ఉన్నది. దానిని చెప్పుకొనుటకే ఈ వ్యాసము వ్రాయ పూనితిననినను తప్పులేదు.

ఇరువది సంవత్సరముల క్రిందట నేను తరగతిలో గజేంద్రమోక్షము చెప్పుచుంటిని. ఎవరైన ఒక పద్యము చదువుడని అడిగినాను. మామిడితోట కౌలుకు చేయు రైతు కుమారుడొకడు లేచి మోహనరాగములో గొంతెత్తి పాడినాడు. చివరి పాదమును ఘంటసాల పద్ధతిలో సాగదీసినాడు. తరగతి అంతయు నిశ్శబ్దమైనది. నేను, "ఇది సినిమాహాలు కాదు నాయనా, పోతనను చదవమన్నాను" అన్నాను. పిల్లలు నవ్వినారు. ఆతడు కూర్చున్నాడు. ఆ సంవత్సరము మరల ఆతని గొంతు నేను వినలేదు.

కొన్ని నెలల తరువాత ఆతని తండ్రి జీతము కట్టుటకు వచ్చి నన్ను కలిసికొన్నాడు. మాటలలో, "మావాడు పద్యం పాడుతున్నాడా మాస్టారూ? వాళ్ల తాత దగ్గర నేర్చుకున్నాడండి. మా నాయన రాయబారంలో కృష్ణుడి వేషం కట్టేవాడు" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. నేను సినిమా ఫక్కియని వెక్కిరించినది నాటకరంగపు బాణీ. సినిమాకంటె పూర్వమే అది పల్లెలలో ఉన్నది. అచటినుండియే అది సినిమాకు పోయినది. తాతనుండి మనుమనికి వచ్చిన దానిని, ఏ పాఠ్యపుస్తకమును ఇవ్వలేనిదానిని, తెలుగు చెప్పుకొని బ్రదుకు నేను ఒక్కమాటతో ఆపివేసినాను. ఆ పిల్లవానిని పిలిచి మరల పాడుమని అడిగినాను. "రాదండీ" అన్నాడు. అంతకంటె ఆతడు ఏమనగలడు?

ఉపాధ్యాయ మిత్రులారా, హరికథ అరుదైనది. పద్యనాటకము పరిషత్తులకు, ఉత్సవములకు పరిమితమైనది. భజనమందిరములో గొంతులకు బదులు ధ్వనివర్ధకము మ్రోగుచున్నది. శాస్త్రమునకును జనమునకును నడుమనున్న చోట్లలో, దినదినము పిల్లలు చేరు చోటు ఒక్కటే మిగిలినది. అది తెలుగు తరగతి. మన పద్యమునకు ఛందస్సు శాస్త్రమిచ్చినది, గొంతు జనమిచ్చినది. పద్యమును రాగముతో చదువుట పూర్వము తెలుగు పంతులుగారికి ఊపిరి తీసినంత సహజము. ఇప్పుడు మనము దానిని వచనమువలె చదివి, ప్రతిపదార్థము వ్రాయించి, గణవిభజన చేయించి, మార్కులు వేయుచున్నాము. యతిస్థానము గుర్తించిన పిల్లవానికి ఆ యతి దగ్గర గొంతు ఎట్లు నిలుచునో తెలియదు.

మనమందరము సంగీత విద్వాంసులము కానక్కరలేదు. కంఠము మధురముగా ఉండనక్కరలేదు. ఒక ఉత్పలమాలను మనకు వచ్చిన రాగములో పాడి, "ఇదే పద్యాన్ని మీరు మరో రకంగా పాడండి" అని పిల్లలను అడిగినచో చాలును. ఒకడు నాటక ఫక్కిలో పాడును, ఒకతె అన్నమయ్య పాట వరుసలో పాడును, మరియొకడు క్రొత్త సినిమా పాట వరుసలోనే పాడును. నవ్వవలదు, నవ్వనీయవలదు. ఏ వరుసలో పద్యపు అర్థము నిలిచినది, ఏ వరుసలో మాట విరిగినది అని వారినే విచారింపనిండు. ఆ విచారణయే శాస్త్రమునకు ఆరంభము. విద్యార్థులారా, మీకును ఒక మాట. మీకు నచ్చిన సినిమా పాటను పదిమారులు వినుడు. పదునొకండవ మారు ఫోను ఆపి మీరు పాడుడు. అప్పుడు ఆ పాట మీదగును. మీ ఇంట ముసలివారెవరైన పద్యమో, మంగళహారతియో పాడువారున్నచో, వారు ఉండగనే అడిగి నేర్చుకొనుడు.

ఈ మధ్య నేను తరగతిలో పద్యము పాడుచున్నాను. నా గొంతు బాగుండదని పిల్లలకు తెలియును, నాకును తెలియును. అందుచేత వారికి ధైర్యము కలుగుచున్నట్లున్నది. మొన్న ఒక బాలిక నేను పాడిన పద్యమునే వేరొక రాగములో పాడినది. అది ఏ రాగమో ఆమెకు తెలియదు. ఏ సినిమానుండి వచ్చినదో నేను అడుగలేదు. శ్రుతి తప్పలేదు. వీణ చేయు పనివాడు నాకు చెప్పిన పాఠము అంతవరకే గదా!